జింక వేటకి తేలికపాటి రైఫిల్: .243 సరిపోద్దా, 6.5 తీసుకోవాలా?

టెక్కలి_టు_టెక్సాస్:
అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర, ఇప్పుడు ఆస్టిన్‌లో ఉంటున్నాం, గ్రీన్‌కార్డ్ వచ్చేసింది. నవంబర్‌లో సీజన్ మొదలవగానే ఆఫీసోళ్ళు హిల్ కంట్రీకి (ఆస్టిన్ పక్కన కొండల ప్రాంతం) జింకల వేటకి పోతారు, ఈసారి నన్నూ రమ్మన్నారు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేశా, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్ళకి ఇక్కడ అది తప్పదు. నేనేమో బక్క మనిషిని, మా ఆవిడ కూడా కాలుస్తానంటోంది, అందుకని భుజానికి దెబ్బ తక్కువుండే రైఫిల్ చూస్తున్నా. షాపులో ఒకాయన .243 విన్‌చెస్టర్ తూటా వాడేది అంటాడు, ఇంకొకాయన దానికన్నా లావు బుల్లెట్ ఉన్న 6.5 క్రీడ్‌మూర్ అంటాడు, కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌లో పక్కోడు ఇంకా సన్నటి .223తోనే పడతాయి కదా అంటాడు. వాడినోళ్ళు చెప్పండి.

రాజాం_రచ్చబండ:
ఏటి బావు, మీ టెక్కలి పక్కనే తేలినీలాపురంలో కొంగల్ని ఊరోళ్ళు కన్నపిల్లల్లాగ చూసుకుంటారు, అక్కడ్నుంచెళ్ళి జింకల్ని కొడతావా? మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది, దుప్పి మీద చెయ్యేస్తే జైలే.

టెక్కలి_టు_టెక్సాస్:
అందుకే ఊరి సంగతి అడగట్లేదు అన్నయ్యా. ఇక్కడ లైసెన్సుతో పాటు కొట్టిన జింకకి కట్టే ట్యాగులిస్తారు, ఎన్ని కొట్టాలో కౌంటీని బట్టి రూలుంటది. రోడ్డు మీద కార్లకి తగిలి చచ్చేవే బోలెడు.

డాలస్_చీపురుపల్లి:
.243 తీసుకో తమ్ముడూ, నేను వాడేది అదే. 1955లో వచ్చిన తూటా, .308 అనే పెద్ద తూటా కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) మెడ సన్నం చేసి 6 ఎంఎం బుల్లెట్ పెట్టారు, అంతే. 100 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకి 2960 అడుగుల దాకా పోద్ది, భుజానికి దెబ్బ .308లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతకు మించదు. హిల్ కంట్రీ జింకలు చిన్నవి, మంచె మీద కూచుంటే జింకల్ని రప్పించే మొక్కజొన్న ఫీడర్ నూరు గజాల్లోనే ఉంటది, దానికి ఇంతకన్నా అక్కర్లేదు.
కానీ ఒక్క విషయం, డబ్బా చూసి కొను. .243 అని రాసుంటే చాలదు, అదే షెల్ఫులో 55, 58 గ్రెయిన్‌వి కూడా ఉంటాయి, ధర తక్కువ, పైన కొయోటీ (నక్కలాంటి జంతువు) బొమ్మో చిన్న జంతువు బొమ్మో ఉంటది, అవి పల్చటి చర్మం తగలగానే పగిలిపోయేలా చేసినవి, జింక భుజం ఎముక మీద పడితే పైన పెద్ద పుండు చేసి లోపలికి పోకుండా ఆగిపోవచ్చు. 95 నుంచి 100 గ్రెయిన్, సాఫ్ట్ పాయింట్ (మొన మెత్తగా ఉండేది) గానీ బాండెడ్ (తొడుగు లోపలి సీసానికి అతికించింది) గానీ, డబ్బా మీద జింక పేరు ఉన్నది తీసుకో. రైఫిల్ ట్విస్ట్ (గొట్టం లోపలి మెలిక) 10కి 1, అంటే పది అంగుళాలకి ఒక చుట్టు అయితే 105 దాటిన పొడుగు బుల్లెట్ల జోలికి పోకు, కుదురుగా తిరగవు, దెబ్బలు ఒకచోట పడక చెదిరిపోతాయి.

మాజీ_హవల్దార్_ఆమదాలవలస:
నేను వేటగాణ్ని కాదు, ఫౌజులో ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్ రైఫిళ్ళు రెండూ మోసినోణ్ని. ఎస్‌ఎల్‌ఆర్ 7.62, అంటే ఇంచుమించు మీ .308 బాపతు, దాని దెబ్బ భుజమ్మీద రాత్రికి తెలిసేది. ఇన్సాస్ 5.56, ఈ పక్కోడు చెప్పిన .223కి తోబుట్టువు. మరి ఫౌజు బుల్లెట్టుకీ వేట బుల్లెట్టుకీ పోలిక లేదు బాబూ. మాది మొత్తం రాగి తొడుగు, 1899 హేగ్ ఒప్పందం నుంచి యుద్ధంలో లోపల విచ్చుకునే బుల్లెట్లు కూడదన్నారు. అదే తొడుగు బుల్లెట్ జింకకి కొడితే సన్నటి బెజ్జం పెట్టుకుని అవతలికెళ్ళిపోద్ది, పాపం జీవం ఏ పొదలోకో పోయి గంటలకొద్దీ కొట్టుకుని చస్తాది. చవగ్గా దొరుకుతుందని రేంజ్ తూటాలు పట్టుకుపోకు.

డెన్వర్_బొబ్బిలి:
హవల్దార్ గారు కరెక్ట్. మా కొలరాడోలో రూలే అది, విచ్చుకునే బుల్లెట్ ఉండాలి, కనీసం .24 కాలిబర్ (బుల్లెట్ లావు, అంగుళాల్లో), జింకకి కనీసం 70 గ్రెయిన్, 100 గజాల దగ్గర 1000 ఫుట్‌పౌండ్ల శక్తి. .223 ఇక్కడ చెల్లదు. టెక్సాస్‌లో చెల్లుతుంది, సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో పిన్ను కొట్టేది) అయితే చాలు, .22 రిమ్‌ఫైర్ (అడుగు అంచు మీద కొట్టేది) మాత్రం కూడదు. చెల్లినంత మాత్రాన కొత్తోళ్ళకి మంచిదని కాదు.
నా ఓటు 6.5కే. .243 చంపుతుంది, కాదనను, కానీ చాలాసార్లు అవతలి వైపు బెజ్జం ఉండదు, ఉన్నా చిన్నది, కొవ్వూ వెంట్రుకలూ అడ్డుపడి నెత్తురు కింద పడదు, సాయంత్రం చీకటి పడేవేళ పొదల్లో జాడ వెతకడం నరకం. 6.5లో 140 గ్రెయిన్ బాపతు బుల్లెట్ 2700 అడుగులతో పోద్ది, బరువుంది కాబట్టి దూరేది కూడా లోతుగా. దెబ్బ .243 కంటే ఎక్కువే, .308 అంత కాదు. రేపు ఎప్పుడైనా మా వైపు మ్యూల్ డీర్ అనే పెద్ద జింకకి వస్తే కూడా పనికొస్తది.

డాలస్_చీపురుపల్లి:
నూరు గజాలకి మ్యూల్ డీర్ లెక్కలెందుకు బొబ్బిలి గారూ 😄 ముందు కాలి వెనక మడతలో, ఒంటి ఎత్తులో కింద నుంచి మూడో వంతు దగ్గర పెడితే ఊపిరితిత్తులు పోతాయి, ఏ తూటా అయినా. జింక మన వైపు మొహం పెట్టి ఏటవాలుగా నిలబడితే .243తో కాల్చొద్దు, తిరిగేదాకా ఆగాలి, ఆ మాట ఒప్పుకుంటా. కొట్టాక నేల చూడు. నురగతో గులాబీ రంగు నెత్తురుంటే ఊపిరితిత్తులు, అరగంట కూచుని వెళ్ళు. పచ్చగా, కంపు కొడుతుంటే పొట్టకి తగిలింది, కొన్ని గంటలు కదలకు, వెంటపడితే ఇంకా దూరం పోద్ది.

నెల్లిమర్ల_ఎఫ్1:
అన్నా నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నా, ఫ్రెండ్స్‌తో వెళ్ళి ఒక్కసారి కాల్చి చూడొచ్చా?

డెన్వర్_బొబ్బిలి:
ఆగు ఆగు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీదున్నోళ్ళు, ఎఫ్1 అయినా హెచ్1బీ అయినా, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే మినహాయింపుంది. సరదాకి రేంజ్‌లో పట్టుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తది, కాబట్టి ముందు లాయర్ని అడుగు, వీసా పోగొట్టుకోకు. టెక్కలి తమ్ముడికి గ్రీన్‌కార్డ్ కాబట్టి ఈ గొడవ లేదు.

గజపతినగరం_కోడలు:
మాంసం వండేది ఆడోళ్ళే కాబట్టి నేనూ ఒక మాట. సీసం బుల్లెట్ ముక్కలు గాయం చుట్టూ చాలా దూరం పాకుతాయి, కంటికి కనపడవు. 2008లో నార్త్ డకోటాలో దానమిచ్చిన జింక మాంసం స్కాన్ చేస్తే సీసం తేలి పారేయమన్నారు. చిన్నపిల్లలుంటే పూర్తి రాగి బుల్లెట్లు చూడండి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకి సీసమే కూడదు. మా ఇంట్లో గాయం చుట్టూ జానెడు కోసి పారేశాకే ఉల్లికారం.

డాలస్_చీపురుపల్లి:
రాగి అయితే ఒక మెట్టు తేలికది తీసుకోవాలి, .243లో 80, 85 గ్రెయిన్. రాగి తేలిక లోహం కదా, అదే బరువుకి బుల్లెట్ పొడుగైపోద్ది, పైగా విచ్చుకోవడానికి వేగం కావాలి. ముక్కలవదు కాబట్టి 85 అయినా లోతుగానే దిగుద్ది. ఇందాక 55 వద్దన్నది వేరే రకం గురించి, కలిపేసుకోకు.

టెక్కలి_టు_టెక్సాస్:
పాపకి మూడేళ్ళు, కాబట్టి రాగే. రైఫిల్ .243 ఖాయం, మా ఆవిడ భుజానికి పెట్టి చూసి అదే బావుందంది. 80, 85 రెండు రకాలూ ఒక్కో డబ్బా కొని నూరు గజాల్లో ఏది దగ్గరగా పడితే అది.

డెన్వర్_బొబ్బిలి:
బల్ల మీద రెస్ట్ పెట్టి ఒక్కటే కాదు, మోకాలి మీద కూచుని కూడా కాల్చి చూసుకో. రకం మార్చినప్పుడల్లా స్కోప్ మళ్ళీ జీరో చేయాలి, అంటే గురి పెట్టిన చోటే పడేలా సర్దుకోవాలి.

రాజాం_రచ్చబండ:
ఉల్లికారం మాట మాత్రం పనికొచ్చింది. కోడలు గారూ, జింక మాంసానికి మసాలా ఎంత పడాలి, అది కొవ్వు లేని మాంసం కదా?