అప్‌డేట్: లినక్స్ మింట్ నత్తనడక, అసలు కారణం ఛార్జర్

నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్ లాంటిదే, తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక కూడా ఫైర్‌ఫాక్స్ తెరుచుకోవడానికి నిమిషం పడుతోందని, టైప్ చేసిన అక్షరం కూడా ఆలస్యంగా పడుతోందని ఇక్కడ అడిగాను కదా, తేలిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ప్రాసెసర్ స్పీడు చూడమని ఒకరిచ్చిన సలహాయే పనిచేసింది. ప్రాసెసర్ వివరాలుండే సీపీయూఇన్ఫో ఫైల్లో మెగాహెర్ట్జ్ లైన్ చూస్తే ఎంత పని పెట్టినా 800 దగ్గరే ఆగిపోయింది. ఛార్జర్ పీకేస్తే మాత్రం వెంటనే 2400 దాటింది! పర్లాకిమిడి బజారులో రిపేరు షాపాయనకు చూపిస్తే, "లోపల ఏమీ పోలేదు బాబూ, నీ ఛార్జర్ వైరే తెగింది" అన్నారు. ఈ రకం ఛార్జర్ పిన్ను మధ్యలో సన్నటి సూది ఉంటుంది. అడాప్టర్ ఎన్ని వాట్లదో మెషీన్‌కు తెలిసేది దానితోనే. అది తెలియకపోతే కరెంటు ఎక్కువ లాగకుండా ప్రాసెసర్‌నే తగ్గించేస్తుందట. బ్యాటరీకి ఛార్జింగ్ కూడా ఎక్కేది కాదు, అదీ అందుకే. ఇంట్లో అందరం బ్యాటరీ పోయిందనుకున్నాం.

65 వాట్ల ఛార్జర్ మార్చాక ఇప్పుడు హాయిగా ఉంది.

మిగతా సలహాల సంగతికొస్తే, స్వాపినెస్ (ర్యామ్‌కు బదులు డిస్క్‌ను ఎంత వాడాలో చెప్పే సెట్టింగ్) తగ్గించడం వల్ల ఏ తేడా రాలేదు. స్నాప్ (యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే ఒక పద్ధతి) తీసేయమన్నారు గానీ మింట్‌లో అది మామూలుగా ఉండనే ఉండదు. హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్ టెస్టులో బాగానే వచ్చింది. దాని బదులు ఎస్‌ఎస్‌డీ (వేగమైన డిస్క్) వేస్తే బూటింగ్ వేగం పెరుగుతుంది, నిజమే, కానీ ఈ జబ్బుకు అది మందు కాదు.

ఇదే సమస్య ఉన్నవాళ్లు ముందు బయోస్‌లో (ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగ్స్ స్క్రీన్) అడాప్టర్ వివరం చూడండి. పాత ఛార్జర్‌తో నాకు అక్కడ 'అన్‌నోన్' (తెలియదు) అనే ఉంది.