లూపర్ పెడల్: లూప్ ఆపడమే కుదరడం లేదు, ఏది కొనాలి?

నమస్తే అండీ. మాది గుంటూరు. రోజూ రాత్రి ఒక అరగంట గిటార్ ప్రాక్టీస్ చేస్తాను. జీ, ఈ మైనర్, సీ, డీ కార్డ్స్‌ని లూపర్‌లో (వాయించిన ముక్కని రికార్డ్ చేసి, అదే మళ్లీ మళ్లీ వినిపించే, కాలితో నొక్కే పెడల్) లూప్‌గా పెట్టుకుని, దాని మీద లీడ్ (సోలో) వాయించడం నేర్చుకోవాలని ఉంది. పికప్ ఉన్న అకౌస్టిక్ గిటార్, 15 వాట్ల ఆంప్ ఉన్నాయి.

ముందు ఫోన్ యాప్‌తో ప్రయత్నించాను. వాయించినదానికీ వినపడేదానికీ మధ్య ఆలస్యం, పనికి రాలేదు. తర్వాత ఫ్రెండ్ దగ్గర ఒకే స్విచ్ ఉన్న పెడల్ తెచ్చుకుని మూడు వారాలు వాడాను. మెట్రోనోమ్ 80 మీద (నిమిషానికి 80 బీట్లు) నాలుగేసి బీట్ల బార్లు 4, అంటే సరిగ్గా 12 సెకన్లు. లూప్ మూయడం, అంటే రికార్డింగ్ ముగించి లూప్ తిరగడం మొదలుపెట్టడం, ఇప్పుడు బాగానే వస్తోంది. నాలుగో బార్ చివరి బీట్‌కి కాదు, మళ్లీ ‘ఒకటి’ పడే క్షణంలో నొక్కాలని అర్థమైంది.

అసలు తంటా ఆపడం దగ్గర. వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి కదా. పదిసార్లలో ఆరేడుసార్లు రెండోది ఆలస్యమై, ఓవర్‌డబ్ (ఉన్న లూప్ మీదే ఇంకో పొర రికార్డ్ అవ్వడం) మొదలైపోతోంది. ఎర్ర లైటు వెలుగుతుంది, తీగల మీద చెయ్యి తగిలిన గరగర కూడా లూప్‌లోకి ఎక్కేస్తుంది. కూర్చుని, నిలబడి, బూట్లతో, వట్టి కాళ్లతో, అన్ని రకాలుగా చూశాను.

విజయవాడలో రెండు షాపుల్లో అడిగాను, వాయించి చూసే వీలు లేదన్నారు. బడ్జెట్ 12 వేలు. పాతదైనా ఫర్వాలేదు. రిథమ్‌లు, మెమరీలు నాకు అక్కర్లేదు. నేను చూస్తున్న లూపర్లు రెండు: బాస్ ఆర్‌సీ-1కి బయట నుంచి ఇంకో ఫుట్‌స్విచ్ తగిలించి దాంతో ఆపొచ్చు. డిట్టో ఎక్స్2లో అయితే స్టాప్ బటన్ పెడల్ మీదే ఉంటుంది.

ఇలాంటివి వాడినవాళ్లు చెప్పండి: ఒక్క నొక్కుతో లూప్ ఆగాలంటే, ఈ రెండింటిలో కాలికి ఏది సులువు?