డబ్బు పంపుతుంటే వెళ్లడం లేదు, నన్ను బ్లాక్ చేసిందా?

నరసాపురం దగ్గర పల్లె నుంచి:

అందరికీ నమస్కారమండి. మాకు రెండెకరాల రొయ్యల చెరువు ఉంది. పోయిన వేసవిలో పిల్ల వేసిన నలభై రోజులకే తెల్లమచ్చ రోగం పడింది. కరెంటు బిల్లు కట్టడానికి కూడా చేతిలో లేక, గోదావరి అవతల సఖినేటిపల్లిలో ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలిని 15,000 అడిగాను. ఐదు నిమిషాల్లో ఫోన్లో వేసేసింది. కింద "తొందరేం లేదే, పంట వచ్చాక ఇద్దువుగాని" అని రాసింది కూడా. ఆ మాట ఇప్పటికీ యాప్‌లో కనబడుతోంది.

సంక్రాంతికి ఇస్తానన్నాను, ఇవ్వలేకపోయాను. ఉగాదికన్నాను, అదీ దాటింది. ఆఖరికి మొహం చెల్లక రెండుసార్లు దాని ఫోను ఎత్తలేదు. ఆ తప్పు నాదే. ఇప్పుడు రొయ్యల పట్టుబడి అయ్యింది, డబ్బు చేతికొచ్చింది. నిన్న రాత్రి 15,000 కొడితే వెళ్లలేదు, 5,000 కొట్టినా అంతే. నా ఖాతాలో కట్ కాలేదు. దాని ఫొటో ఉండే చోట పేరులో మొదటి అక్షరం మాత్రమే ఉంది. బ్లాక్ చేసిందా, సర్వర్ గొడవా? రాత్రంతా నిద్ర లేదండి.

భీమవరం, సెల్ షాపు:

అమ్మా, బ్లాక్ చేస్తే యాప్ వాళ్లు మామూలుగా మీకు చెప్పరు. ఫొటో లేకపోవడం గుర్తు కాదు, తీసేసి ఉండొచ్చు. ముందు అదే యాప్‌లో ఇంకెవరికైనా రూపాయి కొట్టండి. వెళ్లిందంటే మీ బ్యాంకు, మీ నెట్టు బాగున్నట్టే. తర్వాత మీ ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి, అదే యాప్‌లో, ఆవిడకి రూపాయి కొట్టించండి. వాళ్లది వెళ్లి మీది ఆగితే చాలావరకు బ్లాకే. వాళ్లదీ ఆగితే ఆవిడ నంబరు మార్చారో, ఖాతా తీసేశారో, ఆ బ్యాంకు సర్వరు పడిపోయిందో అయ్యుంటుంది.

మీ ఫోను కొత్తదా? కొత్తగా యూపీఐ పెట్టుకున్న మొదటి 24 గంటలు 5,000 దాటి వెళ్లదు. డబ్బు కట్ అయ్యి అటు చేరకపోతే అది వేరే సంగతి. రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం మర్నాటికల్లా వెనక్కి పడాలి, ఆలస్యమైతే రోజుకి 100 చొప్పున ఇవ్వాలి.

అన్‌బ్లాక్ చేయిస్తామని ఎవరైనా లింకు పంపితే ముట్టుకోకండి, పిన్ చెప్పకండి. అలా మోసపోయి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

అమలాపురం నుంచి ఒక అక్క:

చెల్లీ, నేను ఒకరిని బ్లాక్ చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. మాట్లాడనని చెప్పినా ఆ మనిషి రోజూ సాయంత్రం ఒక్కో రూపాయి పంపి, కింద ఒక్కో మెసేజ్ పెట్టేవాడు. ఫోన్ టింగుమంటే నాకు కడుపులో దడ పుట్టేది. బ్లాక్ చేశాక రెండో యాప్ నుంచి మొదలుపెట్టాడు. నువ్వు అలా మళ్లీ మళ్లీ మాత్రం పంపకు. ఒక యాప్‌లో బ్లాక్ చేస్తే చాలావరకు ఆ యాప్ వరకే, వేరే దారిలో డబ్బు వెళ్తుంది నిజమే. బాకీ కాబట్టి వెళ్లనీ, కానీ మొత్తం ఒకేసారి పంపెయ్. డబ్బు వెళ్లినట్టు గుర్తుగా వచ్చే పన్నెండంకెల యూటీఆర్ నంబరు దాచుకో. నాకు తెలిసి ఆ పిల్లకి కోపం పదిహేను వేల మీద కాదు, నువ్వు ఎత్తని ఆ రెండు ఫోన్ల మీద. అది ఏ యాప్‌లోనూ తీరదు.

నరసాపురం దగ్గర పల్లె నుంచి:

షాపు తమ్ముడు చెప్పినట్టే చేశానండి. మా ఆడపడుచుకి రూపాయి కొడితే వెళ్లింది. మా మరిది ఫోన్ నుంచి దానికి కొట్టిస్తే అదీ వెళ్లింది. నాదొక్కటే ఆగింది. కాసేపటికి మరిది ఫోన్‌కి "ఎవరండీ మీరు?" అని వచ్చింది. వాడు నా మొహం చూశాడు, జవాబు పెట్టొద్దన్నాను.

అక్కా, మీరన్న మాట గుండెల్లో తగిలింది. వేరే యాప్ నుంచి వెయ్యను. ఇవాళ బ్యాంకులో డబ్బు తీశాను. రేపు పొద్దున్నే గోదావరి దాటించే మొదటి పంటు (పెద్ద పడవ) ఎక్కి అవతలి రేవులో దిగుతాను. తలుపు తీస్తే కవరు దాని చేతిలో పెట్టి, ఫోను ఎందుకు ఎత్తలేదో చెబుతాను. తీయకపోతే వాళ్ల అత్తగారికిచ్చి వచ్చేస్తాను.