అప్‌డేట్: నిద్ర పట్టనియ్యని సినిమాలు అడిగిన కదా, చూసిన

హారర్, థ్రిల్లర్, డాక్యుమెంటరీలల్ల మనసును కలచివేసేటివి చెప్పుండ్రని అడిగిన నల్లగొండ మనిషిని. హిందీ హారర్ ‘తుంబాడ్’ (2018) మీరు చెప్పినట్టే ఉంది, ఆ వాన, ఆ దురాశ. 1988 నాటి డచ్ థ్రిల్లర్ ‘ది వానిషింగ్’ కథ తెలుసుకోకుండ చూడుండ్రి, అంతే చెప్త.

నన్ను వదలనిది మాత్రం ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’ (2012) అనే డాక్యుమెంటరీ. ఇండోనేషియాల 1965-66ల మనుషులను చంపినోళ్లే, ఎట్ల చంపిన్రో కెమెరా ముందు నటించి చూపిస్తరు. అదీ గొప్పగ! చివర పేర్లు పడేటప్పుడు చూడుండ్రి, పనిచేసిన అక్కడోళ్లు చాలామందికి ‘అజ్ఞాత’ అనే ఉంటది. అంత భయం. రజాకార్ల ముచ్చట్లు వింటూ పెరిగిన మా నాయిన సగంల లేచిపోయిండు. మళ్లొచ్చి ఆఖరిదాక చూసిండు. అదే దర్శకుడు తీసిన ‘ది లుక్ ఆఫ్ సైలెన్స్’ (2014) ఆదివారం ఇద్దరం కలిసి చూస్తం. చెప్పినోళ్లందరికీ దండాలు.