జట్టుగా చదివించడం: మన సరిహద్దు బడుల అనుభవాలు

పర్లాకిమిడి ఉపాధ్యాయిని:
మా ఆరో తరగతిలో తెలుగు, ఒడియా, సవర ఇళ్ల పిల్లలు కలిసి చదువుతారు. పాఠం ఒడియాలో సాగుతుంది. నేను చెప్పినంతసేపూ తలాడించి ఊరుకునే పిల్ల, పక్కనున్న నేస్తం తెలుగులో రెండు మాటలు చెప్పేసరికి భిన్నాల లెక్క చేసేస్తుంది. జట్టు చదువులో ఇంతకంటే పెద్ద మేలు నాకు కనిపించలేదు. అయితే ఒకరు రాస్తే మిగిలిన వారు చూసి దించుకోవడమూ జరుగుతోంది. మీరు దీన్ని ఎలా అరికడుతున్నారు?

గుణుపురం మాస్టారు:
అమ్మా, పని పంచే తీరు మార్చి చూడండి. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, వేర్వేరు జాతుల పిల్లలను ఒకే తరగతిలో చేర్చినప్పుడు తలెత్తిన వైరాన్ని తగ్గించడానికి ఎలియట్ ఆరన్సన్ జిగ్‌సా పద్ధతిని రూపొందించారు. పాఠాన్ని భాగాలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇస్తారు. ఒకే భాగం అందినవారు అన్ని జట్ల నుండి వచ్చి ముందుగా చర్చించుకుని, తిరిగి వెళ్లి తమ జట్టుకు నేర్పుతారు. పరీక్ష మాత్రం ఎవరికి వారే రాస్తారు. వంశధార పాఠాన్ని నేను ఇలాగే పంచాను. వరదల భాగం ఏటి ఒడ్డు ఊరి సవర బాలుడికి వచ్చింది. అంతవరకు అతన్ని పట్టించుకోని వారంతా, అతను చెప్పకపోతే తమకు తెలియదు గనుక, శ్రద్ధగా విన్నారు.

రాయగడ నుండి ఒక తల్లి:
మా అమ్మాయి రోజూ ఇతరులకు చెప్పడంతోనే సరిపోతోందని అంటోంది. వివరించేవారికి పాఠం బాగా పట్టుబడుతుందన్నది నిజమే గాని, ఎప్పుడూ ఆ పిల్లే చెప్పాలా?

సిరొంచ ఉపాధ్యాయుడు:
అమ్మా, మీ ప్రశ్న న్యాయమైనది. చెప్పేవారు వంతులవారీగా మారాలి. మాది మరాఠీ మాధ్యమం, ఇళ్లలో తెలుగు. కొత్త భావనను మాత్రం నేను మొదట జట్లకు వదలను. భిన్నాల కూడికలో లవానికి లవం, హారానికి హారం కలపాలని ఒక పిల్లవాడు ధీమాగా చెబితే జట్టంతా ఆ తప్పునే నేర్చుకుంటుంది. దాన్ని మాన్పించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. అందుకే ముందు నేను నల్లబల్ల మీద చేసి చూపి, అభ్యాసాన్నే జట్లకు ఇస్తాను. ఇంకో మాట, రెండు తరగతులు ఒకే గదిలో నడిచే బడిలో జట్ల చర్చల సందడి పక్క తరగతికి ఇబ్బందే.

బరంపురం ఉపాధ్యాయిని:
దించుకోవడం విషయంలో నాకు పనిచేసింది ఇది: జట్టులో అందరికీ అంకెలు ఇచ్చి, చర్చ ముగిశాక ఒక అంకె పిలుస్తాను. ఎవరు లేవాలో ముందుగా తెలియదు గనుక ప్రతి ఒక్కరికీ నేర్పక తప్పదు. సవర పిల్లను ఒంటరిగా ఒక జట్టులో వేయకండి. ఆమె భాష మాట్లాడే మరొకరు తోడుంటేనే నోరు విప్పుతుంది.