ఇంటి ఖర్చులన్నీ పోయాక నా ఆరోగ్యానికి ఏమీ మిగలడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: విజయవాడ నుంచి, అకౌంట్స్ ఉద్యోగిని

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. కోతలు పోను నెలకు 32,000 రూపాయలు చేతికి వస్తాయి. మావారు సొంత కారును ట్రావెల్స్‌కు తిప్పుతారు. పెళ్ళిళ్ళ సీజనులో ఆయన సంపాదన నాకంటే ఎక్కువే గాని, ఆషాఢంలోనూ మూఢంలోనూ కారు వాయిదా కట్టడానికి కూడా నా జీతమే ఆధారం. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి నాలుగో తరగతి. అద్దె, కారు వాయిదా, పిల్లల ఫీజులు, మా అత్తగారి బీపీ, షుగరు మందులు పోగా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండదు.

కిందటి ఏడాది ఫీజుల సమయంలో క్రెడిట్ కార్డు వాడవలసి వచ్చింది. దాని మీద ఇప్పుడు 60,000 రూపాయల బాకీ ఉంది, ప్రతి నెలా కనీస మొత్తం మాత్రమే కడుతున్నాము. ఇది కాక నెలకు 5,000 చొప్పున లక్ష రూపాయల చీటీ వేశాను. ఇరవై నెలల చీటీలో పన్నెండు నెలలు పూర్తయ్యాయి. ఆఖరి వరకు ఉంచి అమ్మాయికి గొలుసు చేయించాలని నా ఆలోచన.

ఇక నా సంగతి. కొంతకాలంగా మెట్లు ఎక్కితే ఆయాసం వస్తున్నది, జుట్టు బాగా రాలుతున్నది, నెలసరి రోజుల్లో రక్తస్రావం ఎక్కువగా ఉంటున్నది. డాక్టరు రక్తపరీక్షలు, స్కానింగ్ రాసి ఇచ్చారు గాని, ప్రతి నెలా అంతకంటే ముఖ్యమైన ఖర్చు ఏదో ఒకటి రావడంతో ఆ కాగితం బీరువాలోనే ఉండిపోయింది. రాత్రి పడుకున్న తరువాత కూడా మరుసటి వారం కట్టవలసినవే మనసులో తిరుగుతూ ఉంటాయి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి ఆర్టీసీ బస్సులో ఉచితంగానే ఆఫీసుకు వెళ్ళి వస్తున్నాను. ఆ ఛార్జీల డబ్బు నెలకు వెయ్యి రూపాయలకు పైగా మిగలాలి. అదీ ఇంటి ఖర్చుల్లోనే కలిసిపోయింది.

నా కోసం పది రూపాయలు ఖర్చు చేయాలన్నా పిల్లల నోటి దగ్గరిది తీసుకుంటున్నానేమో అనిపిస్తుంది. ఇటువంటి పరిస్థితిలో ఉన్న తల్లులు తమ ఆరోగ్యానికి, విశ్రాంతికి డబ్బు ఎలా కేటాయించుకుంటున్నారో, ముందుగా ఏ ఖర్చును సరిచేసుకోవాలో చెప్పగలరు.

జవాబు: హైదరాబాద్ నుంచి, బ్యాంకు ఉద్యోగిని

మీరు రాసినదంతా రెండుసార్లు చదివానండీ. మీ ఇంట్లో దుబారా ఖర్చు అంటూ నాకేమీ కనిపించలేదు. డబ్బు పోతున్న చోటు క్రెడిట్ కార్డు. మన దేశంలో చాలా కార్డులు బాకీ మీద నెలకు 3 నుంచి 3.75 శాతం వరకు వడ్డీ వేస్తాయి. మీది 3.5 శాతం అనుకుంటే 60,000 మీద నెలకు 2,100 రూపాయల వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కింద మరో 378 రూపాయలు పడతాయి. కనీస మొత్తం బాకీలో 5 శాతం, అంటే 3,000 రూపాయలు కడుతున్నారనుకుంటే అందులో అసలుకు చేరేది 522 రూపాయలే. పైగా పాత బాకీ పూర్తిగా తీరేవరకు, ఆ కార్డుతో కొత్తగా ఏది కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి ముందు ఆ కార్డును వాడడం ఆపండి.

అమ్మాయికి గొలుసు చేయించాలన్న మీ కోరికను నేను కాదనడం లేదు. కాని నెలకు దాదాపు రెండున్నర వేలు వడ్డీకి పోతూ ఉండగా చీటీని ఆఖరి వరకు ఉంచడం వల్ల మీకు నష్టమే. పన్నెండు నెలలు గడిచాయి కాబట్టి మొదటి నెలల్లో ఉన్నంత పోటీ పాటలో ఇప్పుడు ఉండదు. ఉదాహరణకు 12,000 తగ్గించి పాడుకున్నా 88,000 చేతికి వస్తుంది. దానితో కార్డు బాకీ తీరిపోగా మిగిలిన 28,000ను ఖర్చు చేయకుండా, మీవారికి గిరాకీ లేని నెలల కారు వాయిదా కోసం ప్రత్యేకంగా ఒక ఖాతాలో ఉంచుకోవచ్చు. మిగిలిన ఎనిమిది నెలలు చీటీ వాయిదా కట్టవలసిందే గాని, కార్డుకు కడుతున్న 3,000 ఇకపై మీ చేతిలోనే ఉంటుంది. చీటీ ఎత్తుకునేటప్పుడు హామీదారులను అడుగుతారు, వారిని ముందుగానే సిద్ధం చేసుకోండి. మీ చీటీ 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరు అయినదో కాదో కూడా చూసుకోండి.

అత్తగారి బీపీ, షుగరు మందులు జనఔషధి కేంద్రాల్లో బ్రాండు మందులకంటే చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. డాక్టరు రాసిన మందుల కాగితంలో మందు అసలు పేరు (జనరిక్ పేరు) చూపించి అడగండి.

ఆదా అయిన బస్సు ఛార్జీల గురించి ప్రత్యేకంగా ఒక మాట. అది మీ ప్రయాణానికి మిగిలిన డబ్బు, అంటే మీ డబ్బే. జీతం పడిన రోజునే ఆ వెయ్యి రూపాయలను మీ పేరు మీద ఉన్న మరో ఖాతాకు మార్చి, ఇంటి పద్దుల్లో అద్దె తరువాత రెండో పద్దుగా రాయండి. అన్నీ అయిపోయాక మిగిలినది మీకు అనుకుంటే, ఏ నెలా ఏమీ మిగలదు.

జవాబు: వరంగల్ నుంచి, స్టాఫ్ నర్సు

అమ్మా, డబ్బు లెక్కలు పై సోదరి బాగా చెప్పారు. నేను ఆ బీరువాలోని కాగితం గురించే మాట్లాడతాను. ఆయాసం, జుట్టు రాలడం, అధిక రక్తస్రావం, ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు ముందుగా చూడవలసింది హిమోగ్లోబిన్, ఆ తరువాత థైరాయిడ్. గర్భిణి కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు, 8 కంటే తగ్గితే అది తీవ్రమైనది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంతమందికి ఉండడం వల్లనే మన ఇళ్ళలో నీరసాన్ని ఆడవాళ్ళకు సహజమైనదిగా అనుకుంటున్నారు. అది నన్ను చాలా బాధపెడుతుంది.

హిమోగ్లోబిన్ పరీక్షకు మీరు డబ్బు కూడబెట్టవలసిన అవసరం లేదు. మీ దగ్గరలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉచితంగానే చేస్తారు, ఐరన్ మాత్రలు కూడా ఇస్తారు. స్కానింగ్‌కు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళవచ్చు, అక్కడ ఒక పూట పడుతుంది గనుక ఆఫీసులో సెలవు పెట్టుకోండి. మాత్రలు వేసుకుంటూ రక్తస్రావానికి కారణం వెతకకపోతే ఎక్కినదంతా మళ్ళీ దిగిపోతుంది. గర్భాశయంలో గడ్డలున్నాయేమో స్కానింగ్‌లో తెలుస్తుంది కాబట్టి దానిని వాయిదా వేయవద్దు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయి, రక్తం ఎక్కించడానికి వార్డుకు వచ్చే తల్లులను నేను చూస్తూనే ఉంటాను. అప్పుడయ్యే ఖర్చుకూ పోయే పనిదినాలకూ ఈ పరీక్షల ఖర్చుతో పోలికే లేదు.

నిద్ర పట్టకపోవడాన్ని కూడా తేలికగా తీసుకోవద్దు. టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

జవాబు: రాజమహేంద్రవరం నుంచి, ఉపాధ్యాయిని

నేను ఇద్దరు పిల్లల తల్లిని, మావారిదీ నిలకడ లేని ఆదాయమే. పై ఇద్దరి సలహాలూ మంచివే గాని, ఒక విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉంది. మీకు డబ్బుకంటే ఎక్కువ కొరతగా ఉన్నది సమయం. వెయ్యి రూపాయలు విడిగా పెట్టినా ఆసుపత్రిలో కూర్చోవడానికి ఒక పూట, ఉదయం నడవడానికి అరగంట మీకు ఎవరిస్తారు? 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఉద్యోగానికి వెళ్ళే ఇల్లాలికి ఈ తేడా నిద్రలో నుంచే తగ్గుతుంది.

మీవారికి ఆషాఢంలో, మూఢంలో గిరాకీ ఉండదని రాశారు. అంటే ఆ నెలల్లో ఆయన ఇంటిపట్టున ఉంటారు. ఆ రోజుల్లో ఉదయం పిల్లల టిఫినూ క్యారేజీలూ ఆయన చూడవచ్చు. ఎనిమిదో తరగతి అమ్మాయి మాత్రమే కాదు, నాలుగో తరగతి అబ్బాయి కూడా తన కంచం కడుక్కోగలడు, ఉతికిన బట్టలు మడత పెట్టగలడు. ఈ మాట ఇంట్లో ఎత్తేటప్పుడు అలసట గురించి చెప్పి ఊరుకోవద్దు. మావారితో నేను కాగితం మీద రెండు వరుసలు రాసి మాట్లాడాను: ఒకవైపు ఆ నెల కట్టవలసినవి, మరోవైపు ఆ వారం చేయవలసిన పనులు, ప్రతి దాని ఎదుట ఒకరి పేరు. ఎవరినీ తప్పుపట్టకుండా మాట్లాడుకోవడానికి అది మాకు పనికివచ్చింది.

పిల్లల నోటి దగ్గరిది తీసుకుంటున్నానని మాత్రం అనుకోవద్దండీ. గిరాకీ లేని నెలల్లో మీ ఇల్లు నడుస్తున్నది మీ జీతం మీద. ఆ జీతం తెచ్చే మనిషికి రక్తం ఉండాలి కదా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మావారి చేత ఈ జవాబులు చదివించాను. కార్డు మీద అసలుకు చేరేది 522 రూపాయలేనని చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చీటీ పాడుకోవడానికి తానే ఒప్పుకుని, హామీకి తన స్నేహితుణ్ణి అడుగుతానన్నారు. పరీక్షలకు వెళ్ళే రోజున పిల్లల సంగతి ఆయన చూసుకుంటారు. వంట విషయంలో ఇంకా మాట్లాడవలసి ఉంది, మా అత్తగారికి అది అంతగా నచ్చలేదు.

నర్సుగారిని ఒక సందేహం అడుగుతాను. నాకు ఉదయం, సాయంత్రం టీ అలవాటు. ఐరన్ మాత్ర ఏ వేళ వేసుకోవాలి?

జవాబు: వరంగల్ నుంచి, స్టాఫ్ నర్సు

టీకీ మాత్రకీ మధ్య కనీసం గంట, రెండు గంటల ఎడం ఉండాలమ్మా, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. పాలతోనూ వేసుకోవద్దు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. కడుపులో వికారంగా ఉంటే రాత్రి భోజనం తరువాత వేసుకోండి. మలం నల్లగా వస్తే కంగారు పడి ఆపేయవద్దు, అది మామూలే. రిపోర్టులు వచ్చాక మోతాదు డాక్టరు చెప్పినట్టే వాడండి.