మద్రాసు త్రైమాసిక పుస్తక పట్టికల మీద డిజిటల్ ఫెలోషిప్: 6 నెలల్లో ఎంత పని పెట్టుకోవచ్చు?

కొత్తపుట (ప్రశ్న)

నమస్కారం అండీ. విదేశంలోని ఒక జాతీయ గ్రంథాలయం ఇచ్చే 6 నెలల డిజిటల్ హ్యుమానిటీస్ ఫెలోషిప్‌కి దరఖాస్తు రాస్తున్నాను. 1867 నాటి ప్రెస్సులు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం కింద మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటించిన పట్టికలు నా ఆధారం. 1868 నుంచి 1920 దాకా తెలుగు పుస్తకాలు ఏ ఊళ్లో, ఏ ప్రెస్సులో, ఎన్ని ప్రతులు, ఎంత ధరకు వచ్చాయో మ్యాపు మీద చూపించాలని ఉంది. దాంతోపాటు స్కాన్లు దొరికిన 300 పుస్తకాలను ఓసీఆర్ చేసి (స్కాన్ బొమ్మలోని అక్షరాలను యంత్రంతో టెక్స్ట్‌గా మార్చి), గ్రాంథికం నుంచి వ్యావహారికానికి భాష ఎలా మారిందో లెక్కగట్టాలనీ ఉంది. పైథాన్ కొద్దిగా వచ్చు.

ఇది 6 నెలల్లో అయ్యే పనేనా? డేటాలో ఎక్కడ దెబ్బ తింటాం? దరఖాస్తులో ఏం ఉంటే ఎంపిక సంఘం నమ్ముతుంది?

పట్టికలపని

కొత్తపుట గారూ, మీరు రాసినవి రెండు ప్రాజెక్టులు. రెండోది తీసేయండి. మొదటిదాన్ని కూడా కోయాలి. 53 ఏళ్లు, ఏడాదికి 4 చొప్పున 212 పట్టికలు. ఒక్కరు 6 నెలల్లో సరిచూడలేరు. 1870, 1875, 1880 అంటూ ఐదేళ్లకొక ఏడాది తీసుకుంటే 1920 దాకా 11 ఏళ్లు, 44 పట్టికలు. అందులో తెలుగు నమోదులు ఎన్నో ముందే పది పుటలు లెక్కపెట్టి అంచనా వేయండి. ఒక్కో నమోదు సరిచూడడానికి 3 నిమిషాలు అనుకుంటే 2,000 నమోదులకు 100 గంటలు. ఈ పని రోజుకు 4 గంటలు మించి చేస్తే తప్పులు మొదలవుతాయి, కాబట్టి 25 పనిదినాలు. ఈ లెక్క దరఖాస్తులో అంకెలతో సహా కనిపించాలి.

చట్టంలోని 18వ సెక్షన్ ఏ వివరాలు నమోదు చేయాలో చెబుతుంది: పేరు, దాని ఇంగ్లీషు అనువాదం, భాష, రచయిత, విషయం, అచ్చయిన ఊరు, ప్రచురించిన ఊరు, ముద్రాపకుడు, తేదీ, పుటలు, సైజు, ఎన్నో కూర్పు, ప్రతుల సంఖ్య, అచ్చా లితోనా (రాతి మీద రాసి తీసిన ముద్రణా), ధర, కాపీరైటు ఎవరిది. ఈ వరుసనే మీ పట్టిక నిలువు వరుసలుగా పెట్టుకోండి. వాటికి ముందు మూడు చేర్చండి: పట్టిక ఏడాది, త్రైమాసికం, స్కాన్ పుట సంఖ్య. ఈ మూడూ లేకపోతే అనుమానం వచ్చిన నమోదుకు మూలం మళ్లీ దొరకదు.

దెబ్బ తినేది ఎక్కువగా ధర దగ్గరే. ధర రూపాయి-అణా-పై లెక్కలో ఉంటుంది. 0-4-0 అని కొడితే ఎక్సెల్ ముట్టుకోదు. 1-4-0 అని కొడితే తేదీగా మార్చేస్తుంది. అంటే చవక పుస్తకాలు భద్రంగా ఉండి, రూపాయి దాటినవే చెడిపోతాయి. పైపైన చూస్తే తెలియదు. ఆ వరుసను మొదటే టెక్స్ట్‌గా పెట్టి, పక్కన ఇంకో వరుసలో అంతా పైలలోకి మార్చండి: రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, కాబట్టి 1-4-0 అంటే 240. మూలంలో ఉన్నది ఎప్పుడూ చెరపొద్దు.

ప్రతుల సంఖ్యకు సగటు వాడకండి. ఒక్క పాఠ్యపుస్తకం 5,000 వేస్తే పది శతకాల 500లు ఆ సగటులో మునిగిపోతాయి. మధ్యగతం (చిన్న నుంచి పెద్దకు పేర్చితే నడిమికి వచ్చే సంఖ్య) వాడండి. పైగా అది ముద్రాపకుడు చెప్పిన సంఖ్య. అమ్ముడుపోయిన సంఖ్య కాదు.

ఊళ్ల పేర్లు: మసూలిపటం, కొకనాడ, వైజాగపటం, ఎల్లూరు, బెజవాడ, వీటి స్పెల్లింగులు ఏడాదికొక తీరు. డేటా శుభ్రపరిచే ఓపెన్‌రిఫైన్ సాఫ్ట్‌వేరులో క్లస్టరింగ్ (ఒకేలా ఉన్న పేర్లను గుంపు చేయడం) చేస్తే చాలావరకు కలిసిపోతాయి. ప్రెస్సుల పేర్లను మాత్రం యంత్రానికి వదలొద్దు. ఆదిసరస్వతీ నిలయమూ వావిళ్ల ప్రెస్సూ ఒకే ఇంటివని అక్షరాల పోలిక చూసి ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. దానికి చేత్తో రాసుకున్న ప్రత్యేక జాబితా కావాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మ్యాపులోనే ఉంది. ఈ చట్టం బ్రిటిష్ ఇండియాకే వర్తించింది, నిజాం రాజ్యానికి కాదు. హైదరాబాదులో, ఓరుగల్లులో అచ్చయిన తెలుగు పుస్తకం మద్రాసు పట్టికకు ఎక్కదు. మీ మ్యాపులో తెలంగాణ ఖాళీగా కనిపిస్తుంది. చూసినవాళ్లు అక్కడ తెలుగు అచ్చే లేదనుకుంటారు. ఆ ప్రాంతాన్ని ఖాళీగా వదలకుండా వేరే గీతలతో నింపి, ‘ఈ మూలం పరిధిలో లేదు’ అని మ్యాపు మీదే రాయండి, కింద చిన్న అక్షరాల్లో కాదు.

అక్షరశోధన

ఓసీఆర్ సంగతి. ఈ పట్టికలు ఇంగ్లీషులో ఉన్నాయి, తెలుగు పేర్లు రోమన్ లిపిలో ఉన్నాయి. అది మీకు మేలే. అక్షరాల కంటే గళ్లు విడదీయడమే కష్టం. ఒక నమోదు ఎదురెదురు రెండు పుటల మీద పరుచుకున్న చోట స్కాన్ ఏ పుటకా పుట విడిగా ఉంటే, ఎడమ పుట వరుసకు కుడి పుటలో పక్క వరుస ధర అతుక్కుంటుంది. రెండు పుటలనూ ఒకే బొమ్మగా కలిపి, నిలువు గీతలు చేత్తో గుర్తించి, అప్పుడు చదివించండి. ప్రతి పుటలో ఎడమన నమోదులెన్ని, కుడిన ధరలెన్ని అని లెక్క సరిచూస్తే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది.

300 తెలుగు పుస్తకాలు వదిలేయమన్నది సరైన మాట. కారణం చెబుతాను. అక్షరాల్లో తప్పు 5 శాతమే అనుకోండి, వినడానికి బాగుంటుంది. మాటకు 7 అక్షరాలైతే, ఒక్క తప్పూ లేని మాటలు సుమారు 70 శాతమే మిగులుతాయి. మీరు కొలవాలనుకున్నది ‘చేయుచున్నాడు’కీ ‘చేస్తున్నాడు’కీ మధ్య తేడా, అంటే ఒకటి రెండు అక్షరాలు. యంత్రం తప్పు చేసేదీ అక్కడే. భాష మారిందో యంత్రం తడబడిందో మీరు విడదీయలేరు.

పాత అచ్చులో ఇంకా ఉన్నాయి. వలపల గిలక (హల్లుకు ముందు పలికే ర్‌ను ఆ హల్లు తర్వాత ౯లా రాసే గుర్తు) ఉన్న ‘ధర్మము’ ‘ధమ౯ము’ లా కనిపిస్తుంది, యంత్రం దాన్ని అంకె 9గా చదువుతుంది. అరసున్నా రాలిపోతుంది. 600 డీపీఐ అయినా పూర్తి నలుపు-తెలుపు స్కాన్‌లో ద నుంచి ధను వేరుచేసే కింది చిన్న గీత, ప, ఫల తేడా చెరిగిపోతాయి. పంక్తులు దగ్గరగా ఉంటే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేరులోని సిద్ధమైన తెలుగు నమూనా వీటిని దాటలేదు. పాత పత్రాలు చదివించే ట్రాన్స్‌క్రైబస్‌లో సొంత నమూనా నేర్పాలంటే 5,000 నుంచి 15,000 మాటలు చేత్తో ఎక్కించాలి.

భాష ప్రశ్న నిజంగా కావాలంటే 12 పుస్తకాలు, ఒక్కోదానిలో 20 పుటలు, మొత్తం 240 పుటలు చేత్తో దిద్దుకోండి. తెలుగు వికీసోర్స్‌లో ఆకుపచ్చ రంగు పుటలు రెండుసార్లు సరిచూసినవి, పసుపువి ఒక్కసారే. ఆకుపచ్చవి తీసుకున్నా స్కాన్‌తో పోల్చకుండా వాడొద్దు. వలపల గిలకను ఎక్కించినవాళ్లు అలాగే ఉంచారా, ర్‌గా మార్చారా అన్నది పుస్తకానికొక రకంగా ఉంటుంది.

భాండారం

గ్రంథాలయం వైపు నుంచి రెండు మాటలు. ఫెలోషిప్ డబ్బుతో కొత్తగా స్కాన్ చేయిస్తామని రాసిన దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. స్కానింగుకు వేరే వరుస ఉంటుంది, మీ 6 నెలలు ఆ వరుసలో నిలబడడానికే అయిపోతాయి. ఇప్పటికే స్కాన్ అయి ఉన్న సంపుటాలే అడగండి. గడువుకు కనీసం 6 వారాల ముందు దక్షిణాసియా విభాగం క్యూరేటర్‌కి ఉత్తరం రాయండి. ‘మీ దగ్గర ఏముంది’ అని కాకుండా, సంపుటాల షెల్ఫ్‌మార్కులు (గ్రంథాలయం ఒక్కో సంపుటానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) రాసి, వీటిలో ఏవి స్కాన్ అయ్యాయి, ఏ పుటలు లేవు, ఏ ఫార్మాట్‌లో ఇస్తారు అని అడగండి. ఆ జవాబులో ఒక వాక్యం దరఖాస్తులో పెడితే ఎంపిక సంఘానికి ధైర్యం వస్తుంది.

ఆన్‌లైన్ లింకును నమ్ముకుని ప్రణాళిక వేయొద్దు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగాక అక్కడి డిజిటల్ సేవలు నెలల తరబడి నిలిచిపోయాయి. అనుమతి ఉన్న డేటాను దింపుకుని, తేదీ, చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తేల్చే సంఖ్య) రాసి, రెండు చోట్ల దాచండి.

హక్కులు: మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణకు 60 ఏళ్లు, కాబట్టి పట్టికలతో ఇబ్బంది లేదు. పుస్తకాలకు రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. 1960లో పోయిన రచయిత హక్కు 2020 డిసెంబరు 31తో ముగిసింది. పుస్తకం 1915లో అచ్చయిందని ధీమా పడకండి, రచయిత 1975 దాకా బతికి ఉండవచ్చు. గ్రంథాలయం స్కాన్‌కి పెట్టే షరతులు ఇంకో సంగతి, అవి విడిగా చదవాలి.

26 వారాల పంపకం ఇలా రాస్తే నమ్ముతారు: సంపుటాల జాబితాకు 3, ఎక్కించడానికి 10, శుభ్రపరచడానికి 4, విశ్లేషణకు 5, వివరణ పత్రం రాసి డేటాను జెనోడో లాంటి ఉచిత పరిశోధన డేటా నిల్వలో సీఎస్‌వీగా (మామూలు టెక్స్ట్ పట్టికగా) పెట్టడానికి 3, జబ్బులకూ జాప్యాలకూ 1. పదో వంతు నమోదులను ఇంకొకరు మళ్లీ ఎక్కించి పోలుస్తారని చేర్చండి. వాళ్లకిచ్చే డబ్బు ఖర్చుల్లో చూపించాలి.

కొత్తపుట

అందరికీ ధన్యవాదాలు. భాష భాగం తీసేశాను. ప్రశ్నను ఇలా మార్చాను: ‘1870 నుంచి 1920 దాకా తెలుగు అచ్చులో మద్రాసు నగరం వాటా ఎంత, గోదావరి, కృష్ణా జిల్లాల ఊళ్ల వాటా ఎంత?’ ఒక్క సందేహం. డిసెంబరులో అచ్చయిన పుస్తకం మరుసటి ఏడాది మొదటి పట్టికలో కనిపిస్తోంది. ఏ ఏడాది లెక్క?

పట్టికలపని

అచ్చయిన తేదీకీ, పట్టిక ఏడాదికీ రెండు వరుసలూ ఉంచి, విశ్లేషణకు అచ్చయిన తేదీనే వాడండి. అలా వాడితే 1875 కోసం 1876 మొదటి త్రైమాసికం కూడా చూడాలి, కాబట్టి మీ 44 పట్టికలు 55 అవుతాయి. ఎక్కించడానికి పెట్టిన 10 వారాలను ఆ మేరకు మళ్లీ లెక్కవేసి, కావాలంటే 1920ని వదిలి 1915తో ఆపండి.